తెరమీది పందెం – రహదారిమీది ప్రాణం

ఏ దేశంలోనైనా, ఏ కాలంలోనైనా బాల్యయౌవనాలకు ఆటలతో విడదీయరాని అనుబంధం ఉంది. కాలానుగుణంగా ఆటవస్తువులు మారుతూ వచ్చాయే తప్ప ఆడాలనే కోరిక మారలేదు. మన తాతలు తాటికాయలకు పుల్ల గుచ్చి బండి చేసి ఊరివీధుల్లో తోలారు. మన తండ్రులు పాత సైకిల్ టైరును కర్రతో కొడుతూ కాలువగట్ల వెంట పరుగెత్తారు. నేటి విద్యార్థి ఇంట్లో టెలివిజన్ ముందు కూర్చుని, అరచేతిలో ఇమిడే సాధనంతో, గంటకు మూడువందల కిలోమీటర్ల వేగంతో కారు నడుపుతున్నాడు. చక్రాన్ని పరుగెత్తించి దాని వెంట తానూ పరుగెత్తాలనే ఉబలాటం మూడు తరాలకూ ఒక్కటే.

కాని ఈ మూడో తరం ఆట పెద్దలకు కలవరం కలిగిస్తున్నది. ప్లేస్టేషన్ వంటి యంత్రాలపై ఆడే మోటారు పందేల మోజు విద్యార్థుల్లో నానాటికీ పెరుగుతున్నదనీ, దీనిని మొగ్గలోనే తుంచివేయాలనీ తల్లిదండ్రులు కొందరు, కమిటీ పెద్దలు కొందరు అభిప్రాయపడుతున్నారు. "పఢోగే లిఖోగే బనోగే నవాబ్, ఖేలోగే కూదోగే హోగే ఖరాబ్" అనే మాట మన ఇళ్లలో తరతరాలుగా వినబడుతూనే ఉంది. చదువుకుంటే నవాబువవుతావు, ఆడుతూ గెంతుతూ ఉంటే చెడిపోతావు అని దాని భావం. విద్యార్థులను అడిగితే, "ఇది ఉత్త ఆటే కదా సార్, దీనివల్ల ఎవరికి నష్టం?" అంటున్నారు.

ఈ రెండు వాదాల్లోనూ సగం సత్యమే ఉన్నదని నా అభిప్రాయం. వాస్తవికతకు పేరుపొందిన మోటారు పందెపు ఆట, వాహనాన్ని గురించి చాలవరకు నిజమే చెబుతుంది. రహదారిని గురించి మాత్రం చెప్పదు. ఈ తేడాను గుర్తెరిగిన విద్యార్థికి అది పాఠం. ఎరుగనివానికి అది ప్రమాదం. ఈ విషయాన్ని కొంత వివరంగా పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

నా తరంవారు చిన్నతనంలో ఆడిన కారు ఆట "రోడ్ ఫైటర్". 1984లో జపాన్‌కు చెందిన కొనామి సంస్థ తయారుచేసిన ఆ ఆట, చవకరకం వీడియో గేమ్ యంత్రాల్లో పెట్టే క్యాసెట్ల ద్వారా మన పట్టణాల్లోని మధ్యతరగతి ఇళ్లలోకి వచ్చింది. పైనుంచి చూస్తున్నట్లుగా ఒక రోడ్డు, దానిపై అగ్గిపెట్టెలంత కార్లు, పెట్రోలు అయిపోయేలోగా గమ్యం చేరాలనే ఆరాటం, అంతే. అందులో బటన్లు వేగానికే. బ్రేకు అనే మాటే లేదు. గుద్దుకుంటే కారు పేలిపోయేది, రెప్పపాటులో మరల కొత్త కారు వచ్చేది. అది కేవలం చేతివాటం ఆట. దానిని చూసి ఎవరూ కారు నడపడం నేర్చుకోలేదు, నేర్చుకున్నామని భ్రమపడనూ లేదు.

ఈ పరిస్థితిని మార్చినది 1997 డిసెంబరులో జపాన్‌లో వెలువడిన "గ్రాన్ టురిస్మో". సోనీ సంస్థవారి ప్లేస్టేషన్ కొరకు కజునోరి యమౌచి అనే యువకుడు, అతని సహచరులు సుమారు ఐదేళ్లు శ్రమించి దీనిని రూపొందించారు. నిజమైన కంపెనీలు తయారుచేసిన నిజమైన కార్లను, వాటి బరువు, ఇంజను శక్తి, గేర్ల అమరిక, చక్రాల పట్టు లెక్కగట్టి తెరమీదికి తేవడం వీరి సంకల్పం. ఇందులో ఏడవది 2022 మార్చిలో వచ్చింది. దానిలో నాలుగువందలకు పైగా కార్లు ఉన్నాయి. దీనికి పోటీగా మైక్రోసాఫ్ట్ సంస్థ 2005లో "ఫోర్జా" అనే ఆటను తెచ్చింది. ఆ ఫోర్జా కార్ల చిత్రణలో బెంగుళూరుకు చెందిన ధ్రువ సంస్థ కళాకారులు కూడ పాలుపంచుకున్నారన్నది మన విద్యార్థులు గమనించదగిన సంగతి. ఈ ఆటలను ఆడేవారే గాక తయారుచేసేవారూ మన దేశంలో ఉన్నారు.

గత వేసవి సెలవుల్లో మా బంధువుల ఇంట్లో పిల్లల ప్రక్కన కూర్చుని ఈ ఏడవ గ్రాన్ టురిస్మోను కొన్నిరోజులపాటు నేను స్వయంగా ఆడి చూశాను. ఆడకుండా తీర్పు చెప్పడం, పుస్తకం తెరవకుండా విమర్శ వ్రాయడం వంటిది గదా! అందులో నన్ను అన్నిటికంటె ఆకర్షించినది ఒక చిన్న నిబంధన. ముఖ్యమైన పందేలలో ప్రవేశించాలంటే ఆటగాడు ముందుగా లైసెన్సు పరీక్షలు పాసు కావాలి. 1997 నాటి మొదటి ఆటనుంచీ ఈ పద్ధతి ఉంది. ఇక ఆ పరీక్షల్లో మొట్టమొదటిది ఏమిటో తెలుసునా? కారును కదిలించి, కొంతదూరం తిన్నగా పోనిచ్చి, గీసి ఉంచిన హద్దులోపల పూర్తిగా ఆపడం. హద్దు దాటిందా, పరీక్ష తప్పినట్లే. గంటకు మూడువందల కిలోమీటర్ల వేగాన్ని ఆశచూపే ఆట తన విద్యార్థికి చెప్పే మొదటి పాఠం ఆగడం!

పందెం ఆట అనగానే ఆక్సిలేటరును అదిమిపట్టి కూర్చోవడమే అనుకునేవారికి ఇది వింతగా తోచవచ్చు. కాని ఈ ఆటలో పది నిమిషాలు గడిపినవారికి విషయం బోధపడుతుంది. తిన్నని దారిలో వేగంగా పోవడం చంటిపిల్లవానికి కూడ సాధ్యమే. నేర్పు అంతా మలుపు దగ్గర ఉంది. ఎక్కడ బ్రేకు వేయాలి, ఎంత గట్టిగా వేయాలి, ఎప్పుడు వదలాలి అన్నదే ఈ విద్యలో సారం. మలుపులోకి ఆత్రంగా ప్రవేశించినవాడు రోడ్డు దాటి గడ్డిలోకి పోతాడు; నెమ్మదిగా ప్రవేశించినవాడు వేగంగా బయటపడతాడు. ఇది పందెగాళ్లందరూ అంగీకరించిన సూత్రం. పరుగెత్తి పాలు త్రాగడంకంటె నిలబడి నీళ్లు త్రాగడం మేలని మన పెద్దలన్నారు. సమయానికి నిలబడగలిగినవానికే పాలు దక్కుతాయని ఈ ఆట చెబుతున్నది.

దీనికి కారణం భౌతికశాస్త్రంలో ఉంది. టైరుకు నేలతో ఉండే పట్టు ఒక చిరుద్యోగి నెలజీతం వంటిది. అది పరిమితమైనది. ఆ జీతాన్నంతా బ్రేకుకే ఖర్చుచేస్తే మలుపు తిరగడానికి మిగలదు. మలుపుకే ఖర్చుచేస్తే బ్రేకుకు మిగలదు. రెండింటికీ ఒకేసారి చేయిచాచినవాడు అప్పులపాలైనట్లు జారిపోతాడు. బ్రేకు వేసినప్పుడు వాహనం బరువు ముందుచక్రాలపైకి, వేగం పెంచినప్పుడు వెనుకచక్రాలపైకి మారుతుంది. తడినేలపై ఈ జీతం ఇంకా తగ్గిపోతుంది. తరగతిలో ఘర్షణ, జడత్వం అనే మాటలు కంఠస్థం చేసి మార్కులు తెచ్చుకున్న విద్యార్థి, ఈ ఆటలో వాటిని చేతివేళ్లతో తెలుసుకుంటాడు. కొత్త ప్లేస్టేషన్‌లో బ్రేకు మీట వేలికి ఎదురొత్తుతుంది. చక్రం జారబోతున్నప్పుడు ఆ మీట వణుకుతుంది. పాఠ్యపుస్తకం ఈ పని చేయలేదు.

ఇందులో మరొక విశేషం కూడ ఉంది. ఇంటర్నెట్ ద్వారా దేశదేశాల ఆటగాళ్లతో పోటీపడే విభాగంలో అడుగుపెట్టాలంటే, పందెపు మర్యాదలను బోధించే లఘుచిత్రాలను ముందుగా చూడాలి. అక్కడ ఆటగానికి రెండు విధాల స్థానాలు ఇస్తారు. ఒకటి నైపుణ్యానికి, రెండవది నడవడికకు. ఎదుటివానిని కావాలని గుద్ది ముందుకుపోయినవానికి కాలవ్యవధి జరిమానా పడుతుంది. నడవడిక స్థానం దిగజారుతుంది. అట్టివానికి చివరకు అట్టివారితోనే ఆడవలసివస్తుంది. 2022 ఫిబ్రవరిలో ప్రఖ్యాత "నేచర్" పత్రిక ప్రచురించిన ఒక పరిశోధన ఇక్కడ చెప్పదగినది. సోనీ శాస్త్రజ్ఞులు "సోఫీ" అనే కృత్రిమ మేధకు ఈ ఆట నేర్పారు. ప్రపంచంలోని మేటి ఆటగాళ్లను అది ఓడించింది. అయితే దానికి వేగం ఒక్కటే నేర్పితే చాలలేదు. ఢీకొన్నప్పుడల్లా శిక్ష విధిస్తూ పద్ధతి కూడ నేర్పవలసివచ్చింది. యంత్రానికే మర్యాద నేర్పవలసి వచ్చినప్పుడు మనిషి సంగతి వేరే చెప్పాలా?

ఈ ఆట జీవితాలను మార్చిన సందర్భాలు కూడ ఉన్నాయి. 2008లో నిస్సాన్ కార్ల కంపెనీ, సోనీ సంస్థ కలిసి "జీటీ అకాడమీ" అనే పోటీ ప్రారంభించాయి. ఇంట్లో కూర్చుని ఆట ఆడేవారినుంచి మేటివారిని ఎంపికచేసి, శిక్షణ ఇచ్చి, నిజమైన పందేలకు పంపడం దీని లక్ష్యం. మోటారు పందెం ధనవంతుల క్రీడ. పసితనంనుంచీ లక్షలు, కోట్లు గుమ్మరించగల తండ్రి ఉంటేనే అందులో నిలదొక్కుకోగలరు. ఆ కోటగోడకు ఈ పోటీ ఒక చిన్న ద్వారం తెరిచింది. మొదటి విజేత స్పెయిన్ యువకుడు లూకాస్ ఓర్దొన్యెజ్, 2011లో ఫ్రాన్సులోని లె మాన్స్ 24 గంటల పందెంలో తన తరగతిలో రెండవ స్థానం పొందాడు. 2011లో సుమారు 90,000 మంది పోటీదారులను దాటి వచ్చిన వేల్స్ యువకుడు యాన్ మార్డెన్‌బరో, 2013లో అదే పందెంలో తన తరగతిలో మూడవ స్థానంలో నిలిచాడు. 2014లో ఈ ఎంపిక భారతదేశానికి కూడ వచ్చింది. మన హైదరాబాదు యువకుడు అభినయ్ బిక్కని ఆ పోటీ ద్వారా ఇంగ్లండులోని సిల్వర్‌స్టోన్ శిక్షణ శిబిరం దాకా వెళ్లాడు. 2016 తరువాత ఆ అకాడమీ ఆగిపోయింది. ఆ ద్వారం ఇప్పుడు తెరిచిలేదు గనుక, "ఆడుతూపోతే నేనూ పందెగాణ్ణవుతాను" అనే ఆశతో చదువు పాడుచేసుకోవడం తెలివైన పని కాదు. అయినా తెరపై నేర్చినది నేలపై కూడ పనికివస్తుందని ఆ యువకులు రుజువుచేశారన్నది కాదనలేని సత్యం.

ఇక నాణేనికి రెండవ వైపు చూద్దాం. ఈ మార్డెన్‌బరో జీవితాన్నే 2023లో "గ్రాన్ టురిస్మో" పేరుతో సినిమాగా తీశారు. మన విద్యార్థుల్లో చాలమంది దానిని చూశారు. అందులో కారు గాలిలోకి లేచి ప్రేక్షకులపై పడే దృశ్యం ఉంది. అది కల్పన కాదు. 2015 మార్చి 28న జర్మనీలోని న్యూర్‌బర్గ్‌రింగ్ ట్రాక్‌పై నిజంగా జరిగింది. మెరకపై ముందుచక్రాలు లేచి, కారు కంచె దాటిపోయి, పందెం చూడవచ్చిన ఒక వ్యక్తి ప్రాణం బలిగొన్నది. సినిమావారు ఈ సంఘటనను లె మాన్స్ విజయానికి ముందు జరిగినట్లు చూపారు. దానివల్ల ఆ మరణం కథానాయకుని పట్టుదలకు మెట్టుగా మారింది. వాస్తవంలో అది ఆ విజయానికి రెండేళ్ల తరువాత జరిగింది. ఒక మనిషి మరణం మరొకరి విజయగాథలో మెట్టు కాదు. ఆ ట్రాక్‌ను తెరమీద ఎన్నో వందలసార్లు చుట్టివచ్చినవానికి, శిక్షణ పొందినవానికి, శిరస్త్రాణం, వైద్యులు, కంచెలు అన్నీ ఉన్నచోట ఇట్టి ఘోరం సంభవించినప్పుడు, ఏ రక్షణా లేని మన రోడ్ల మాట ఏమిటి?

వాస్తవికమైన ఆట వాస్తవాన్ని దాచేది ఇక్కడే. తెరమీది రోడ్డుపై పాదచారి లేడు. దారికి అడ్డంవచ్చే గేదె లేదు. వెనుకదీపం లేకుండా చీకట్లో ఆగిన లారీ లేదు. తప్పుదారిలో ఎదురువచ్చే ఆటో లేదు. అందరూ ఒకే దిక్కుకు పోతారు. అందరికీ పందెం సంగతి తెలుసు. గోడకు గుద్దుకున్నా శరీరానికి నొప్పి తగలదు. అన్నిటికంటె మించి అందులో "మరల ప్రారంభించు" అనే బటన్ ఉంది. ఒక మలుపులో నూరుసార్లు పొరపడి నూటొకటవసారి నేర్చుకోవచ్చు. విద్య నేర్వడానికి ఇది మహోపకారమే. కాని ఈ నూరు పొరపాట్ల అలవాటు మనస్సులో భయాన్ని చంపివేస్తే మాత్రం అది మహాపకారం అవుతుంది.

మన హనుమాన్ జంక్షన్‌ను ఒక్కసారి చూడండి. కలకత్తా–చెన్నై జాతీయ రహదారి, ఒకప్పటి 5వ నెంబరు, నేటి 16వ నెంబరు రహదారి, మన ఊరిని తాకుతూ పోతున్నది. ఒకవైపు విజయవాడ, ఒకవైపు ఏలూరు, ఒకవైపు నూజివీడు, ఒకవైపు గుడివాడ. మన ఊరి పేరులోనే కూడలి ఉంది. ఏప్రిల్, మే నెలలు వస్తే నూజివీడు రోడ్డున బంగినపల్లి, రసాలు నింపుకున్న ట్రాక్టర్లు, చిన్నలారీలు రాత్రింబవళ్లు నడుస్తాయి. తోటల్లో కాయకోతకు పోయే కూలీలు తెల్లవారకముందే రోడ్డు ప్రక్కన ఆటోలకై నిలబడతారు. ఈ దారి ఎవరి ఒక్కరి పందెపు బాటా కాదు. కూడలిలో బ్రతికేది ఆగడం తెలిసినవాడే.

ఇట్టి చోట మన యువకులు కొందరు చీకటిపడ్డాక మోటారు సైకిళ్లపై పందేలు వేసుకుంటున్నారని వింటున్నాం. తెరమీద లైసెన్సు లేనిదే పందెంలో అడుగుపెట్టనివారు, నేలమీద లైసెన్సు లేకుండానే ముగ్గురేసి ఎక్కి పరుగెత్తుతున్నారు! కేంద్ర రవాణా మంత్రిత్వశాఖ లెక్కల ప్రకారం 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాలలో 1,68,491 మంది మరణించారు. వారిలో 74,897 మంది, అనగా నూటికి నలభైనాలుగు మందికి పైగా, ద్విచక్ర వాహనాలపై ప్రయాణించినవారే. చనిపోయినవారిలో మూడింట రెండు వంతులు పద్దెనిమిది, నలభైఐదు సంవత్సరాల మధ్య వయస్కులు. నూటికి డెబ్బైకి పైగా మరణాలు మితిమీరిన వేగం పద్దులో నమోదైనవి. ఈ అంకెల్లో ప్రతి ఒక్కటీ ఒక ఇంటి దీపం.

భౌతికశాస్త్రం బోధించే మిత్రులొకరు కాగితంపై వేసి చూపిన లెక్కను మీ ముందుంచుతున్నాను. పొడిగా ఉన్న మంచి రోడ్డుపై, బ్రేకు బాగా పనిచేసే వాహనం గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోతున్నదనుకొందాం. ఆపదను చూసి బ్రేకు నొక్కడానికి ఒక సెకను పడితే, ఆలోపల 11 మీటర్లు, ఆ తరువాత ఆగడానికి సుమారు 9 మీటర్లు, మొత్తం 20 మీటర్లు కావాలి. అదే వాహనం 80 కిలోమీటర్ల వేగంతో పోతే? వేగం రెట్టింపైంది గనుక దూరం కూడ రెట్టింపై 40 మీటర్లు కావాలని చాలమంది అనుకుంటారు. కాని బ్రేకు వేసిన తరువాత పట్టే దూరం రెట్టింపు కాదు, నాలుగు రెట్లు. సెకనులో పోయే 22 మీటర్లు, ఆగడానికి 36 మీటర్లు, వెరసి 58 మీటర్లు. మనం అనుకున్న 40కి, నిజమైన 58కి మధ్యనున్న ఆ 18 మీటర్లలోనే చావుబ్రతుకుల తేడా ఉంది. వర్షం పడిన రోజున ఆ దూరం ఇంకా పెరుగుతుంది.

చట్టం కూడ ఈ విషయంలో నిద్రపోవడం లేదు. మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ ప్రకారం అనుమతి లేకుండా బహిరంగ ప్రదేశంలో వాహనాల పందెం వేయడం నేరం. 2019 సవరణ తరువాత మొదటి తప్పుకే మూడు నెలల వరకు జైలు, 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. మైనరు బాలుడు వాహనం నడిపి నేరం చేస్తే, 199ఎ సెక్షన్ క్రింద అతని తండ్రికో సంరక్షకునికో మూడేళ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా పడే అవకాశం ఉంది. ఆ బాలునికి ఇరవైఐదేళ్లు నిండేదాకా లైసెన్సు రాదు. కొడుకు అడిగాడని ఇంటర్మీడియట్‌లోనే మోటారు సైకిల్ కొనిచ్చే తండ్రులు ఈ సంగతి గ్రహించాలి.

పందెం పట్ల ఆసక్తి తప్పు కాదు. దానికి తగిన చోటు ఉంది. చెన్నై సమీపంలో ఇరుంగాట్టుకోట్టైలో, కోయంబత్తూరులో ఇందుకోసమే నిర్మించిన ట్రాక్‌లు ఉన్నాయి. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్ సాగర్ ఒడ్డున విద్యుత్ కార్ల ప్రపంచ పోటీ "ఫార్ములా ఈ" జరిగింది. ఫ్రాన్సుకు చెందిన జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. ఆ ఒక్క పందెం కొరకు నగరం నడిబొడ్డున రోడ్లు మూసివేసి, ఇరువైపులా సిమెంటు దిమ్మెలు, ఇనుపకంచెలు నిలబెట్టి, ట్రాఫిక్‌ను మళ్లించవలసివచ్చింది. నగరవాసులు ఇబ్బందిపడి సణుక్కున్నారు కూడ. ప్రపంచస్థాయి పందెగాళ్లకే ఇన్ని రక్షణలు అవసరమైతే, హెల్మెట్టు అద్దానికి తగిలించుకుపోయే మన కుర్రవాడు దేనిని నమ్ముకుని పరుగెత్తుతున్నట్లు?

ఖర్చు, కాలం అనే మరి రెండు విషయాలను కూడ చెప్పక తప్పదు. 2021 ఫిబ్రవరిలో ప్లేస్టేషన్ 5 మన దేశంలో విడుదలైనప్పుడు దాని ధర 49,990 రూపాయలు. అప్పట్లో ఒక్కొక్క ఆట ఐదువేల రూపాయల వరకు ఉండేది. స్టీరింగు, పెడళ్లు కావాలంటే ఆ ఖర్చు వేరు. మన విద్యార్థుల్లో అనేకులు లారీ డ్రైవర్ల, మెకానిక్కుల, పండ్ల వ్యాపారుల బిడ్డలు. ఆ ఇంటి కష్టార్జితాన్ని ఆటయంత్రానికి పెట్టమని మారాం చేయడం న్యాయం కాదు. ఉన్నవాని ఇంట్లో నలుగురూ కలిసి ఆడుకోవడం మంచిది. గంటకింత అని అద్దె కట్టే చోటికి చేరి తరగతులు ఎగవేయడం మంచిది కాదు. అంతేకాదు, ఇంట్లో ఈ యంత్రం ఉన్నచోట అది అన్నదమ్ముల సొత్తు. అక్కచెల్లెళ్లు టీ అందించి ప్రక్కన నిలబడి చూడవలసినవారు అన్న పద్ధతి కనబడుతున్నది. ఈ ఆటకు కండబలం అవసరం లేదు. ఆడపిల్లలకు కూడ అవకాశం ఇచ్చి చూడండి. బ్రేకు ఎప్పుడు వేయాలో వారు మనకంటె త్వరగా గ్రహిస్తారని మా బంధువుల ఇంట్లో నేను కళ్లారా చూశాను.

కమిటీ పెద్దలకు నా విన్నపం ఇది. నిషేధం సులభమైన మార్గమే గాని ఫలితమిచ్చే మార్గం కాదు. కళాశాల ఆవరణలో నిషేధించినది వీధిచివర దొరుకుతుంది. తండ్రి సంపాదన డ్రైవింగులోనో, పని విజయవాడ ఆటోనగర్‌లోనో ఉన్న విద్యార్థికి ఇంజను, గేరు, సస్పెన్షన్ అనే మాటలు ఉగ్గుపాలతో అబ్బినవి. ఈ ఆటలో గేర్ల నిష్పత్తినీ, స్ప్రింగుల బిగువునూ మార్చి ఫలితం చూసే ఏర్పాటు ఉంది. తరగతిలో వెనుకబెంచీన కూర్చునే అట్టి విద్యార్థి ఇక్కడ ముందు వరుసలోకి రాగలడు. కనుక సంవత్సరానికొకసారి రహదారి భద్రతా దినాన, ఎవరి ఇంట్లోనైనా ఉన్న యంత్రాన్ని అడిగి తెప్పించి, భౌతికశాస్త్ర శాఖ ఆధ్వర్యంలో ఒక పోటీ పెట్టవచ్చు. ఎవరు వేగంగా పోయారన్నదానికి బహుమతి వద్దు. వివిధ వేగాలనుంచి గీసిన హద్దులో ఎవరు సరిగా ఆపారో వారికి బహుమతి ఇద్దాం. ఆగిన దూరాలను కొలిచి పటం గీయిద్దాం. అదే రోజున కళాశాల సైకిల్ స్టాండులో లైసెన్సు, హెల్మెట్టు లేని మోటారు సైకిల్‌కు ప్రవేశం లేదన్న నియమాన్ని ప్రకటిద్దాం. ఈ నియమం విద్యార్థులకు మాత్రమే గాక అధ్యాపకులకు కూడ వర్తించాలి. ఇవన్నీ ఖర్చు లేని పనులు.

విద్యార్థి మిత్రులారా! ఆడవద్దని నేను చెప్పడం లేదు. చదువు ముగించుకుని, ఇంటి పని చూసుకుని, మిగిలిన గంటను ఈ ఆటకు ఇవ్వండి. అందులో గెలవండి. ఎదుటివానిని గుద్దకుండా గెలవండి. మీ వేలు ఎక్కడ బ్రేకు మీటపైకి పోయిందో గమనించండి. ఆ తరువాత బండి తాళంచెవి చేతికి తీసుకున్నప్పుడు రెండు విషయాలు గుర్తుంచుకోండి. ఆటలోని లైసెన్సు పరీక్ష ఇక్కడ కూడ ఉంది. "మరల ప్రారంభించు" అనే బటన్ మాత్రం ఇక్కడ లేదు. మీరు ఇంటికి చేరేదాకా అన్నం ముందు పెట్టుకుని కూర్చునే తల్లి ఒకరు ఉన్నారు. మీకు ఎదురువచ్చే ట్రాక్టరు నడిపేవానికి కూడ అట్టి తల్లే ఉంది. ఆమెకోసం పదిమీటర్లు ముందుగా బ్రేకు వేసినవాడే నా దృష్టిలో విజేత.